చాక్లెట్ పథ్యం

తెల్లవారకముందు నుంచీ సముద్రం వైపు మబ్బు పట్టి ఉంది. చినుకు మాత్రం పడలేదు. అక్క పోయాక ఒంటరిగా ఉంటున్న బావ ఢిల్లేశ్వరరావును చూడడానికి హరిశ్చంద్రపురం నుంచి వచ్చాడు అప్పలసూరి. గూట్లో మాత్రల అట్ట విప్పకుండానే ఉంది.

"గుండి మాత్రలు మానేసినావేటి బావా?"

"ఇది తింతన్నాను కదా." ఢిల్లేశ్వరరావు నల్లటి చాక్లెట్ ముక్క చూపించాడు. "గుండికి మంచిదని పేపర్లో ఏసినారు. సేదుగుంది, మందే. రెండు మందులు కలపకూడదు."

"మాత్రలు మానీమని కూడా ఏసినారేటి? టెక్కలి డాక్టరు ఇంటే నిన్ను జీడితోటలో పాతరేత్తాడు."

బావ నవ్వలేదు. పొయ్యి మీంచి గిన్నె దించాడు.

"అదేటి?"

"ఉప్పులేని బీరకాయ. మందు తిన్నోడు పత్తెం ఉండాల. సేప, పులుపు, పరాయింటి కూడు, ఏదీ ముట్టకూడదు."

"సాక్లెట్టుకి పత్తెం ఎవులు సెప్పినారు?"

ఢిల్లేశ్వరరావు గిన్నె మీద మూత సర్దాడు.

"ఎవులూ సెప్పలేదురా. మీ యక్క పోయాక, ఎవులింటికి బోజనానికెళ్ళినా ముందు నా పక్కన కాళీ సోటుని సూత్తన్నారు. పత్తెమంటే ఎవులూ పిలవరు."

అప్పలసూరి గూట్లోంచి అట్ట తీశాడు. మాత్ర విప్పి బావ చేతిలో పెట్టాడు. నీళ్ళిచ్చి, మింగేదాకా నిలబడ్డాడు. తర్వాత రెండు కంచాల్లో అన్నం, ఆ బీరకాయ కూర పెట్టి, బావను ఆనుకుని కూర్చున్నాడు.

ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. అప్పలసూరి ఉప్పు అడగలేదు.