చాప ఎత్తాల్సిన చెయ్యి

"ఇంకా కదల్లేదా?" అని అడిగాడు లెఫాయి, ముంగిలి వైపు చూడకుండానే.

"లేదు నాన్నా," అన్నాడు ఎసెరా.

సమోవాలో ఆ ఊరి ఇళ్ళకు గోడలుండవు. దాచుకోవడానికి తమకేమీ లేదని ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు కూడా. స్తంభాల మధ్య నుంచి ముంగిలంతా కనిపిస్తూనే ఉంది. అక్కడ కంకర మీద, నెత్తి నుంచి నేల దాకా సన్ననేత చాప కప్పుకుని, సియాకి తెల్లవారుజాము నుంచి మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. ప్రాణం తీసినవాడు అలాగే రావాలి. పోయిన మనిషి తరఫువాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే వాడి ప్రాణం ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టినట్టు. ఎసెరా బాబాయిలిద్దరూ మెట్ల మీద కత్తులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కోకో వేసి వండిన అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నారు.

పోయింది ఎసెరా అక్క లూపే. కిందటి వారం, జోరువాన రాత్రి, సియాకి బండి వంతెన మీంచి రాళ్ళలోకి దొర్లింది. బండిలో ఉన్న లూపే అక్కడికక్కడే ప్రాణం విడిచింది. సియాకి తలకు కట్టుతో నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చాడు.

"నేను చాప ఎత్తను, కత్తీ ఎత్తను," అన్నాడు లెఫాయి. "అక్కకి తమ్ముడే కావలి. మన పెద్దలు పెట్టిన పద్ధతి అది. మాట నీది."

"నా వల్ల కాదు నాన్నా."

"ఏది కాదు? క్షమించడమా, చంపమనడమా?"

ఎసెరా తల వంచుకున్నాడు. వాడికి పద్దెనిమిది నిండి నెల కూడా కాలేదు. మొన్నమొన్నటి దాకా తాగి రోడ్డు పక్కన పడి ఉంటే, లూపే వచ్చి చెవి మెలిపెట్టి ఇంటికి లాక్కొచ్చేది. పేరుకు తమ్ముడు కావలి గానీ, కాపలా కాసిందంతా అక్కే. అటువంటివాడి నోటి మాట మీద ఇవాళ ఒక మనిషి బతుకు ఆగి ఉంది.

పాస్టరుగారు విసనకర్ర ఊపుకుంటూ వచ్చి ఎసెరా పక్కన చతికిలబడ్డాడు.

"ఏమైనా తిన్నావురా?"

"ఆకల్లేదు అయ్యగారూ."

"ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వస్తున్నావు. సంఘమంతా వింటుండగా సాక్ష్యం చెప్పాలి. ప్రభువు నన్ను క్షమించాడు, నేను మాత్రం సియాకిని క్షమించలేదు అని చెబుతావా?"

"నేను బల్లకి రాను. నాకు ఆ యోగ్యత లేదు."

"ఎవరికుందిరా యోగ్యత?" అని పాస్టరుగారు లెఫాయి వైపు తిరిగాడు. "నీ కొడుకుని ఆ వాన రాత్రి నేను చూశాను. ఒళ్ళంతా బురదతో వచ్చి నా గుమ్మంలో పడ్డాడు. నేను పాపిని, నా కోసం ప్రార్థన చెయ్యండి అని ఒకటే ఏడుపు. అప్పటికి లూపే కబురు ఊళ్ళోకి రానేలేదు. రాబోయే దుఃఖం తట్టుకోవడానికి ప్రభువే వీణ్ణి ముందుగా సిద్ధం చేశాడు. ఇన్నేళ్ళ సేవలో అటువంటి మారుమనస్సు నేను చూడలేదు."

"ఆ రాత్రి నుంచి చుక్క ముట్టలేదు," అన్నాడు లెఫాయి. కూతుర్ని పోగొట్టుకున్న ఆ గొంతులో కొడుకు బాగుపడ్డాడన్న తృప్తి కూడా కాస్త ఉంది. ఎసెరా తల ఇంకా కిందికి వంచేశాడు.

ముంగిట్లోంచి సియాకి తల్లి పిలిచింది. "ఎసెరా, నాయనా, ఎండ మండిపోతోంది. వాడి తల గాయం ఇంకా మానలేదు. నిజం చెప్పాలంటే వాడికేమీ గుర్తు లేదు. స్టీరింగ్ మీద పడి దొరికానంట కదమ్మా, నేనే చంపాను అంటాడు. అన్నం ముందు కూర్చున్నా అదే మాట."

"గుర్తు లేదంట," అన్నాడు పెద్ద బాబాయి. "పిల్లని పొట్టన పెట్టుకుని గుర్తు లేదంట." కత్తి పట్టుకుని లేచాడు. "ఒరే ఎసెరా, ఊ అను. చాలు."

ఎసెరా లేచి మెట్లు దిగాడు. చుట్టూ చేరిన జనం గుసగుసలు ఆపేశారు. బాబాయి పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. ఎసెరా చాప ఎత్తలేదు. దాని అంచు పట్టుకుని, కంకర మీద మోకరించి, తనూ లోపలికి దూరాడు.

లోపల చెమట వాసన, మందు వాసన. ఊపిరాడడం లేదు.

"ఎసెరా, నువ్వా?" సియాకి గొంతు పీలగా ఉంది. "క్షమించమని రాలేదురా. మీవాళ్ళు చంపేస్తే ఈ బాధ పోతుందని వచ్చాను."

"సియాకీ," అన్నాడు ఎసెరా.

అంతలో చాప లేచింది. కొడుకు క్షమించేశాడనుకుని లెఫాయే దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు బావురుమన్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు.

"క్రీస్తు చేసింది ఇదే," అన్నాడు పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఏ పాపమూ ఎరగనివాడు పాపి పక్కన మోకరించాడు."

సియాకి ఎసెరా కాళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇంక జైలుకి నవ్వుతూ పోతానురా."

"నాన్నా, ఒక్క మాట," అన్నాడు ఎసెరా.

లెఫాయి కొడుకు నెత్తిన చెయ్యి వేశాడు. "ఇవాళ మనిషివయ్యావురా. మీ అక్క ఉంటే మురిసిపోయేది. ఆ మాటేదో ఆదివారం సాక్ష్యంలో చెప్పు, అందరూ వింటారు."

ఎసెరా చుట్టూ ఉన్న తడి కళ్ళన్నీ చూశాడు. ఆదివారమే కాదు, ఇక ఎన్నటికీ ఆ మాట చెప్పలేనని వాడికి తెలిసిపోయింది. మెల్లగా తల ఊపాడు.

ఆ రాత్రి బండి నడిపింది ఎసెరాయే.