సూదిలో దారం

కుట్టు క్లాసులో అడుగు పెట్టగానే లోకనాథ్ అక్కడే ఆగిపోయాడు. బరంపురం బజార్లో తన ఫ్లెక్సీ కొట్టుకు ఎదురు కొట్టు ముత్యాలు అప్పటికే చాప మీద కూర్చున్నాడు.

"నువ్వేటి ఇక్కడ?"

"నువ్వెందుకొచ్చినావో అందుకే. స్టూడెంటు కార్డుంటే డిజైన్ సాఫ్ట్‌వేర్ సగం ధరకే ఇత్తారు కదేటి."

లోకనాథ్ కొట్లో ఆ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఆగిపోయింది. పెళ్లిళ్ల సీజను ముంచుకొస్తోంది.

టీచరు దుర్గాభవాని ఇద్దరికీ గుడ్డముక్కా సూదీ ఇచ్చింది. "గుండీకి కాజా కుట్టినోళ్లకే కార్డు. ఉత్తినే కూకుంటే రాదు."

ముత్యాలు చకచకా మొదలెట్టాడు. లోకనాథ్ దారాన్ని నాలుకతో తడిపి, సూదిని కిటికీ వెలుగుకెత్తాడు. దారం ఎంతకీ బెజ్జంలోకి పోలేదు.

"ఏటి బావా," ముత్యాలు చిన్నగా నవ్వాడు, "నాకు సూపు లేదు, నా అచ్చరాలు వంకరని బజారంతా సెప్పింది నువ్వే గదా."

లోకనాథ్ సూదిని మెల్లగా అతని వైపు జరిపాడు.

ముత్యాలు ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించి, ముడి కూడా వేసి తిరిగిచ్చాడు.

ఇద్దరికీ కార్డులొచ్చాక, ఒకరోజు లోకనాథ్ కొట్టుకొచ్చిన పెళ్లివారు అడిగారు. "ఆ ముత్యాలు అచ్చరాలు వంకరంట, నిజమేనేటి?"

"అలగన్నోడికే సూపు ఆనదు," అన్నాడు లోకనాథ్.