కుడి రొమ్ముకు దిగువన

"ఎవరో ఏమిటో తెలియని శవాన్ని ఎన్నాళ్లని ఉంచుతాం, పెద్దాయనా? మొన్ననే పూడ్చేశారు. ఇక మిగిలింది ఈ కాగితమే" అన్నాడు ఆసుపత్రి కాంపౌండరు కృపానందం.

ఆదిశేషయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. పెడన నుంచి వచ్చిన నేతమనిషి. కొడుకు సాంబమూర్తి నూలు కోసమని బెజవాడ వచ్చి పన్నెండు రోజులైంది, మనిషి జాడ లేదు. బందరు కాలువలో ఎవరిదో శవం దొరికిందని నిన్ననే విన్నాడు. కోడలు శివపార్వతి వెనకాల తలుపు వారగా నిలబడి ఉంది.

"ముఖం పోల్చే స్థితిలో లేదు. మీవాడి ఒంటిమీద గుర్తులేమన్నా ఉంటే చెప్పండి."

"పుట్టుమచ్చండీ, కందిగింజంత. రొమ్ముకి రెండంగుళాలు దిగువన."

కృపానందం కాగితం వంక చూశాడు. డాక్టరుగారు రాసిందీ అదే. పాపం, ఈ కబురు తన నోటితోనే చెప్పాలి కాబోలు.

"ఏ పక్క?"

"ఎడమండీ."

కాగితం మళ్లీ చూశాడు. కుడి రొమ్ముకు రెండంగుళాలు దిగువన, మధ్యరేఖకు వెలుపలి వైపు అని ఉంది.

"బాగా ఆలోచించి చెప్పండి. మేం కుడి అని రాస్తే అది ఆ మనిషి కుడి. చూసేవాళ్ల కుడి కాదు."

"వాడి ఎడమేనండీ! పాతికేళ్లు కళ్లముందు పెరిగిన పిల్లాడు, ఆమాత్రం ఎరగనా?"

"అయితే మీవాడు కాదు పెద్దాయనా. ఇక్కడ కుడి అని ఉంది."

ఆదిశేషయ్య భోరుమన్నాడు, అంతలోనే నవ్వాడు. "విన్నావటమ్మా? మనవాడు కాదుట! ఏ నూలు కొట్టు ముందో పడిగాపులు కాస్తుంటాడు వెధవ. దొరకనీ, చెవులు మెలేస్తాను. ఇన్నాళ్లుగా నీ తలలో పువ్వన్నది లేదు. ఉండు, సందు మొగలో మల్లెలు చూశాను" అంటూ పంచె ఎగ్గట్టి, వయసు మరిచి పరుగెత్తాడు.

కృపానందానికీ కడుపు నిండినట్టయింది. ఈ గదిలోంచి నవ్వుతూ వెళ్లినవాళ్లను అతనింతవరకూ చూడలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టబోయాడు.

శివపార్వతి బల్ల దగ్గరకు వచ్చింది. చెయ్యి అడ్డుపెట్టి ఆ కాగితాన్ని ఆపింది.

"కుడి పక్కేనండీ" అంది. "సాగదీసిన పడుగు దారాలకి గంజి పెట్టేటప్పుడు మావయ్యగారు ఈ పక్క, మా ఆయన ఆ పక్క. రోజూ ఎదురుబొదురుగా నిలబడి చూసి చూసి, మావయ్యగారికి అదే ఎడమైపోయింది. మావయ్యగారు తిరిగొచ్చేలోగా చెప్పండి బాబూ, ఎక్కడ పూడ్చారు?"