లారీ సరుకే

పిల్లలు వదిలేసిన కూరల బుట్టను త్రాసు మీద పెట్టించి, పరిశీలనకు వచ్చిన మేడం ముందుకు వంగింది. బడి వంటగది గుమ్మంలోంచి వంటామె త్రాసు ముల్లు వైపే చూస్తోంది. పెరటి తలుపు వెనక ఆమె ఆడపడుచు గోడకు అతుక్కుపోయి నిలబడింది.

"కిలోన్నర" అంది మేడం. "రెండు వందల మంది తింటే మిగిలింది ఇంతేనా?"

ఆ మాట కోసమే ఇద్దరూ నాలుగు నెలలుగా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు.

ఆడపడుచుది ఎకరం కౌలు తోట. భర్త నడుం పడిపోయి మంచం దిగడం లేదు. రెండు కాపులు కొనే దిక్కులేక మళ్ళలోనే కుళ్ళిపోయాయి. చుట్టుపక్కల పండిన కూరగాయలనే సర్కారు బళ్ళు కొనాలని కొత్త పథకం వచ్చిందని వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ బడికి ఆర్డరు రాలేదు. హెడ్మాస్టరు అర్జీ పెడితే, ముందు ఒక మేడం నెలనెలా వచ్చి పిల్లలు ఏపాటి తింటున్నారో చూస్తుందని, తర్వాతే ఏ సంగతీ చెబుతామని జవాబొచ్చింది. బాగా తింటే ఆర్డరు తమకేనని వదినా ఆడపడుచులు నమ్మారు.

బడికి పట్నం నుంచి లారీలో వచ్చే క్యారెట్లు వడలిపోయి వేళ్ళాడేవి. చిక్కుళ్ళు పీచులా ఉండేవి. పిల్లలు వాటిని పళ్ళెం అంచుకు నెట్టేసేవారు. అందుకని ఆడపడుచు రోజూ తెల్లారకముందే తన తోట కూరలు గంపెడు తెచ్చి వెనక గోడ మీదుగా అందించేది, ఊరికే. పగిలినవీ పుచ్చినవీ ఇంటికి, మంచివన్నీ బడికి. వంటామె వాటిని వండి, లారీ సరుకు గుంటలో పూడ్చేది. బయటి సరుకు వండితే ఉద్యోగం ఊడుతుంది. హెడ్మాస్టరుకు కూడా చెప్పలేదు.

మేడం గిన్నెలోంచి ఒక ముక్క తీసి కొరికి, కాసేపు నమిలింది.

"ఈ క్యారెట్లు ఎక్కడివి?"

వంటామె గిన్నె మీద మూత పెట్టేసింది.

"లారీ సరుకే మేడం."

"నిజం చెప్పు. ఏమీ అనను."

"ఒట్టు మేడం. మాకొచ్చేది అదొక్కటే కదా."

మేడం ఎందుకో ఉసూరుమంటూ పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయింది. తలుపు చాటు నుంచి వచ్చిన ఆడపడుచు వదినను పట్టుకుని ఏడ్చేసింది. గండం గట్టెక్కినట్టేనంది. ఆ వారమే కౌలు మరో ఏడాదికి పొడిగించుకుని, ఎకరమంతా చిక్కుడు వేసింది.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. కబురందిన ఆడపడుచు పొలం నుంచి మట్టికాళ్ళతోనే పరుగెత్తుకొచ్చింది. హెడ్మాస్టరు నెమ్మదిగా చదివి చెప్పాడు. పథకం ఎత్తేశారు. ఒక్క ఈ బడికి రాకపోవడం కాదు, ఉన్న బళ్ళకు కూడా తీసేశారు. తాజా కూరలు కొన్న మూడు బళ్ళలో పిల్లలు ఎంత తిన్నారో, వాటితో పోల్చడానికి లారీ సరుకు మీదే ఉంచిన నాలుగో బడిలోనూ అంతే తిన్నారట. తేడా లేనప్పుడు ఈ ఖర్చు దండగని తేల్చారట.

ఆడపడుచు మెట్టు మీద కూలబడింది.

"ఆ నాలుగో బడిలో వండినావిడ ఎవరోగానీ" అంది, "మా అందరి నోట్లో మట్టి కొట్టింది. ఏ బడండీ అది?"

హెడ్మాస్టరు కాగితం తిప్పి, అడుగున ఉన్న పేరు వెతికాడు.

"మనదేనమ్మా."