మూడు రూపాయల ఫీజు

“ఫోన్ల కడితే మూడు రూపాయలు ఎక్కువ గుంజుతరు. నేను కౌంటర్ల నగదే కడుత,” అంది జమున, కరెంటు బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంటూ.

“ఆటోకు పోను ఇరవై, రాను ఇరవై. మూడు రూపాయలకు నలభై పెడుతవా?” అన్నాడు రాజం.

“నడిచి పోత తియ్.”

పెళ్లయి పది నెలలు. ఇద్దరూ తోడు పోగొట్టుకున్నవాళ్లే. యాభై దాటాక ఒకరికొకరు దొరికారు. మంచిర్యాలలో ఆమె ఇంటికే వచ్చి చేరాడు రాజం. పాలకూ కూరగాయలకూ టకటకా స్కాన్ కొట్టే జమున, ఈ ఒక్క బిల్లుకు మాత్రం మంచి చీర కట్టి బయలుదేరుతుంది. తిరిగొచ్చేటప్పుడు ముఖంలో వెలుగు. కౌంటర్లో కూర్చునే సుధాకర్‌ను రాజం ఒకసారి చూశాడు. నల్లటి మీసం, నలభై నిండని వయసు. అప్పటినుంచీ నిద్ర లేదు.

అందుకే నెలంతా వెతికాడు. కార్డు గీకితే శాతం లెక్కన కోత. ఒక యాప్‌లో ఫీజు, ఇంకోదాంట్లో అంతకంటే ఎక్కువ. మళ్లీ బిల్లు వచ్చేనాటికి ఒకటి చిక్కింది.

“దొరికింది జమునా! గీ దాంట్ల ఖాతా నుంచి కడితే పైస ఫీజు లేదు. కూసున్నకాడనే అయిపోతది!”

జమున ముఖం వాడిపోయింది. “గీ ఒక్కటి నన్ను కట్టనియ్యి. నీకు దండం పెడుత,” అని గబగబా గడప దాటింది.

అయితే సంగతి మూడు రూపాయలది కాదు. రాజం చెప్పులు తొడుక్కున్నాడు. ఇవాళ తేలాలి. అనుమానం నిజమైతే సాయంత్రానికి బట్టలు సర్దుకొని వెళ్లిపోవడమే.

కౌంటర్ పక్కన స్తంభం చాటున నిలబడ్డాడు. సుధాకర్ ఒక్కో బిల్లు మీది పేరు చదివి, సరిచూసి, రసీదు ఇస్తున్నాడు. జమున వంతు వచ్చింది.

“ఏం వదినా, గింత ఎండల వచ్చినవ్?”

వదినా! రాజం పళ్లు కొరికాడు.

“ఎవరి పేరు మీదుంది వదినా బిల్లు?”

“నీకు తెల్వదా?”

“తెలుసు. ఒక్కసారి నీ నోటితోటి చెప్పరాదు!”

“ఛీ పో! నేనెట్ల చెప్త?” జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పదహారేళ్ల పిల్లలా నవ్వింది. “నువ్వే చెప్పు. జర గట్టిగ చెప్పు.”

ఆమె కళ్లు మూసుకుంది. ఇక ఆగలేక రాజం ముందుకు కదిలాడు.

సుధాకర్ బిల్లు ఎత్తిపట్టుకొని, క్యూ అంతా వినేలా చదివాడు. “గాజుల హనుమండ్లు!”

రాజం కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అది ఆమె మొదటి పెనిమిటి పేరు.