ఆవిడ చెయ్యి

“మళ్లీ తిప్పు. ఇంకాస్త గట్టిగా!” అన్నాడు భర్త, పక్క సీట్లోంచి.

ఆమె తాళం తిప్పింది. వెనక మంచం, పొయ్యి అమర్చిన ఆ పాత డీజిల్ వ్యాను మెకానిక్ షెడ్డు ముందు గుర్రుగుర్రుమని మళ్లీ ఆగిపోయింది.

“ఆవిడున్నప్పుడు ఇలా లేదు. ఆవిడ చెయ్యి పడితే చాలు, బండి పలికేది.”

ఆవిడంటే చనిపోయిన మొదటి భార్య. పెళ్లయి ఏడాదైనా ఆమెకు ఇదే పాట. కూర వండితే ఆవిడ, దుప్పటి మడిస్తే ఆవిడ. ఇద్దరూ కలిసి మొదటిసారి ఊరు దాటుతున్న ఈ రోజైనా ఆ మనిషి తనకు కాస్త చోటిస్తుందనుకుంది. ఒళ్లు మండిపోయింది.

ఇంజను మీదికి వంగిన ముసలి మెకానిక్ ఫక్కున నవ్వాడు.

“చెయ్యి పడితేనా? ప్రయాణం అన్నప్పుడల్లా ముందురోజే ఆవిడ దీన్ని ఇక్కడికి తోయించుకొచ్చేదండీ. డీజిల్ పైపులో గాలి చేరుతుంది దీనికి. అది పోయేదాకా ఈ చేతిపంపు తనే కొట్టేది. అరచేతులు బొబ్బలెక్కేవి. మీకు మాత్రం చెప్పొద్దనేది. తెలిస్తే విసుక్కుని ప్రయాణమే మానేస్తారట.”

భర్త ఇంజను దగ్గరి చేతిపంపు వంక చూశాడు.

ఆమె స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆవిడకీ ఈయన విసుగంటే భయమేనన్నమాట.

“ఇక దిగండి,” అంది భర్తతో. “అక్క కొట్టినన్నాళ్లు కొట్టింది. ఇవాళ ఆ పంపు మీరు కొట్టండి.”