మల్లి వేసిన దారి

“ఎవరు సార్ మీరు? మా రైలు దారిలోకి గొర్రెల్ని తోలినారేంది?”

కంభంలో సెల్‌ఫోన్ దుకాణం నడిపే ఫిరోజ్ గ్రూపులో నిలదీశాడు.

గ్రూపు పేరు ‘మన పట్టాలు’. కంప్యూటర్లో రైలు నడిపే ఆట పిచ్చోళ్ళంతా అందులోనే. అసలు రైలెక్కితే నిద్రపోతారు, ఆటలో రైలెక్కితే నిద్ర మానుకుంటారు.

కంభం నుంచి గిద్దలూరు దాకా మల్లి అనే అమ్మాయి ఆ ఆటలో వేసిన దారంటే వాళ్ళకు ప్రాణం. స్టేషన్లు, గేట్లు, చింతచెట్లు అన్నీ అచ్చం. ఉచితంగానే ఇచ్చింది. నా అనుమతి లేకుండా మార్చొద్దని మాత్రం రాసింది.

ఆ మల్లి మళ్ళీ గ్రూపు మొహం చూడలేదు.

ఇప్పుడు స్వామి అనే కొత్త సభ్యుడు ఆ దారిని మార్చి గ్రూపులో పెట్టాడు. గిద్దలూరు వచ్చే ముందు పట్టాల పక్కన గొర్రెల మంద. మంద వెనక పసుపు చుడీదార్ పిల్ల. రైలు రాగానే చెయ్యూపుతుంది.

“గొర్రెలు పట్టాల మీదికి రావు సార్. పక్కనే మేస్తాయి,” అన్నాడు స్వామి.

“మేసింది గొర్రెలు కాదు, మీరు. పరాయి చేను!”

“ఊరికే ఇచ్చిందే కదన్నా, మారిస్తే ఏమైతది?” గ్రూపులో కుర్రాడు బాబావలి అడ్డొచ్చాడు.

“ఉచితం వేరు, ఉచితానుచితం వేరు తమ్ముడూ,” అన్నాడు ఫిరోజ్. “ఇది కాపీరైటు కాదు, కాపీ రాంగు.”

మార్కాపురం లాయరు రమణి అందుకుంది.

“సాఫ్ట్‌వేర్ కూడా చట్టంలో సాహిత్యమే. ఒకరు రాసిన కథలోకి ఇంకొకరు మనిషిని దూర్చకూడదు. మల్లి ఒప్పుకుందా?”

స్వామి చాలాసేపు టైప్ చేశాడు. వచ్చింది ఒక్క ముక్క.

“ఒప్పుకుంటాది మేడం.”

“ఆ మాట ఆమె చెప్పాల.”

“గొర్రెల్ని తీసేస్తా. పిల్లను మాత్రం ఉండనీయండి.”

“దొంగ సొత్తులో బేరాలా?” ఫిరోజ్ గద్దించాడు. “మీ దగ్గరున్నది కూడా చెరిపేయండి. లేకుంటే కేసు పెడతాం!”

ఫిరోజ్ గ్రూపులో ఉన్నది చెరిపేశాడు. స్వామిని బయటికి తోశాడు. చప్పట్ల బొమ్మలు కురిశాయి.

కొన్నాళ్ళకు ఆట కొత్త రూపంలో వచ్చింది. అందులో మల్లి దారి తెరుచుకోలేదు. సరిచేయాలంటే మార్చాలి. మార్చాలంటే మల్లి ఒప్పుకోవాలి.

ఫిరోజ్, రమణి గిద్దలూరు పోయి, వాకబు చేసి, ఊరవతల ఆ ఇల్లు పట్టుకున్నారు. వాకిట్లో మల్లి తల్లి కొండమ్మ వేపపుల్లలు విరుస్తోంది.

“మల్లి ఉందామ్మా?”

ఆమె చెయ్యి ఆగింది.

“నా బిడ్డ పోయి రెండేళ్ళాయె నాయన. జ్వరం తలకెక్కింది.”



“మాకెవరూ చెప్పలేదమ్మా,” అంది రమణి.

“వాళ్ళ నాయనే చెప్పనీలేదు. ఆ రైలాట వాళ్ళ లెక్కలోనన్నా బతికుండనీ అన్నాడు.”

అంతలో మందను దొడ్డికి తోలి, తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు మల్లి తండ్రి. వచ్చిన పని రమణి నెమ్మదిగా చెప్పింది.

“అనుమతి నేనియ్యొచ్చునా మేడం?”

“మల్లి లేదు కాబట్టి ఆ హక్కు మీదే నాయనా. మీరూ అమ్మా తప్ప ఇంకెవరూ ఇయ్యలేరు.”

ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొహం ఇంకా తడిగానే ఉంది.

“అట్లయితే మేడం... కేసు పెడతారని నేను చెరిపేసినానే, గొర్రెల వెనక చెయ్యూపే నా బిడ్డ... ఆ బొమ్మ నేను చెరపాల్సిన పనే లేకుండెనా?”